తిరిగే వీధిలో తొక్కుడుబిళ్ళ

1

ఈ నమోదు రాయాలన్న కోరిక నాది కాదు, ఆరోగ్యాధికారి మురహరిది. తూలిన ప్రతిసారీ, పడిన ప్రతిసారీ, పడబోయి ఆగిన ప్రతిసారీ ఎక్కడ, ఎందుకు, ఎలా అన్నది రాసి తనకు పంపమన్నాడు. దానికి ఆయన పెట్టిన పేరు ‘పతన నమోదు’. ఎనభై దాటిన స్త్రీ చేత పతన నమోదు రాయించుకునే ధైర్యం ఆ అబ్బాయికి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. సరే, రాస్తాను. అయితే నాకు వచ్చిన పద్ధతిలో రాస్తాను.

పేరు: పిడపర్తి హైమవతి. చదువు: నిర్మాణశాస్త్రంలో ఒక పట్టా, ఆపైన మరొకటి. నివాసం: కిన్నెర వలయం, మూడో వీధి. భూమికి దూరంగా, బండిచక్రంలా తన చుట్టూ తాను తిరుగుతూ, ఆ తిరుగుడు బలంతోనే మా పాదాలను నేలకు అదిమి ఉంచే ఈ వలయంలో మూడో వీధి దూలాలన్నీ నా లెక్కల మీద నిలబడ్డవే. నేను కట్టిన నేల మీద నేనే పడ్డానంటే అది నేలకూ నాకూ మధ్య విషయం.

ఇక పతనం. గోంగూర పచ్చడి సీసా పై అరలో ఉంది. ముక్కాలిపీట ఎక్కాను. పడినవి: నేను, పీట. పడనిది: సీసా. దాన్ని గుండెలకు హత్తుకునే పడ్డాను. పచ్చడి ఒక్క చుక్క కూడా ఒలకలేదు. ఈ వివరాన్ని మురహరి తన నివేదికలో రాసుకోలేదు.

“మామ్మగారూ, ఇక తోడు తప్పదండి,” అన్నాడు.

“ఎవరికి?”

“మీకేనండి.”

“నా తోడు నేనే. ఇన్నేళ్ళూ సరిపోయాను.”

“అది నిజమేనండి, కానీ నిబంధన...”

తోడు అంటే బోర్లించిన బిందెలాంటి యంత్రం. కింద మూడు చక్రాలు, పక్కల రెండు మెత్తని చేతులు. వలయంలో పదేళ్ళలోపు పిల్లలందరి వెంటా తలా ఒకటి తిరుగుతుంది. పడబోతే పట్టుకుంటుంది, పోట్లాడబోతే తీర్పు చెబుతుంది, ఏం తోచకపోతే ఏం చేయాలో చెబుతుంది. పెద్దవాళ్ళ ఇంట్లో చేరిందంటే ఇక పొయ్యి వెలిగించాలన్నా, పీట ఎక్కాలన్నా, తలుపు తీసుకుని బయటకు పోవాలన్నా దాని అనుమతి కావాలి.

నా ఇంట్లో, నా పొయ్యికి, ఒక బిందె అనుమతి!

“పరీక్ష పెట్టు. నిలకడ పరీక్ష ఉంది కదా, అందులో నెగ్గితే తోడు అక్కర్లేదని మీ నిబంధనే అంటోంది,” అన్నాను.

మురహరి మెడ సవరించుకున్నాడు. “సరేనండి, వచ్చే నెల పెడదాం. ఎదురింటి ప్రద్యుమ్నకి అప్పటికి పదేళ్ళు నిండుతాయి. వాడి తోడు ఖాళీ అవుతుంది. పరీక్షలో ఏమైనా... అదే మీకు ఇచ్చేస్తాం.”

“వాడినదా?”

“బాగా తుడిచే ఇస్తామండి.”

2

ఈ రోజు పతనాలు: లేవు. తూలుళ్ళు: చాలా. కారణం: సాధన.

నిలకడ పరీక్షలో ఏముంటుందో తెప్పించుకుని చదివాను. ఒంటికాలి మీద నిలబడాలి. ఆ కాలి మీదే వంగి నేలమీది వస్తువు తీయాలి. కళ్ళు మూసుకుని గీతలు తొక్కకుండా నడవాలి. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. పరికిణీ ఎగదోపుకుని చిన్నప్పుడు ప్రతి సాయంత్రం నేను నెగ్గిన పరీక్షే ఇది. దాని పేరు తొక్కుడుబిళ్ళ.

దూలాల మీద గుర్తులు పెట్టే సుద్దముక్కలు నా పనిముట్ల పెట్టెలో ఇంకా ఉన్నాయి. తోటకూర అరలకు నీళ్ళు పెట్టి, పప్పు పొయ్యిమీద పడేసి, ఇంటి ముందు వీధిలోకి వెళ్ళాను. రెండు వరుసల గడులు గీశాను. బిళ్ళగా ఒక పాత ఉక్కు వాషరు దొరికింది. వలయం కట్టిన రోజుల్లో మిగిలిపోయింది.

మొదటి గడిలోకి విసిరాను. పక్క గడిలో పడింది. ఇది నా చేతి దోషం కాదు. వలయం తిరుగుతోంది కనుక విసిరినదేదైనా ఇక్కడ కాస్త వెనక్కు వంగి పడుతుంది. ఆ వంపు చేతికి పట్టుబడేసరికి పప్పు అడుగంటింది.

తల ఎత్తి చూస్తే ఎదురుగా నీహార. పక్కింటి పిల్ల, ఏడేళ్ళది, రెండు జడలు, వాటి మధ్య లెక్కలేనన్ని ప్రశ్నలు. వెనక దాని తోడు.

“మామ్మగారూ, మీకు ఆ కాలు నొప్పా?”

“లేదే.”

“మరి ఎందుకు ఎత్తారు?”

“ఆడుతున్నాను.”

“తెర లేదుగా! ఎందులో ఆడుతున్నారు?”

“వీధిలో.”

ఆ మాట దానికి బొత్తిగా అర్థం కాలేదు. ఈ పిల్లలకు ఆట ఉంది. దాన్ని ‘క్రీడా పాఠం’ అంటారు. తోడు మొదలుపెడుతుంది, తోడే ముగిస్తుంది.

“అందులో ఎవరు గెలుస్తారు?” అని అడిగాను.

“అందరం.”

“మరి ఓడేదెవరు?”

నీహార తన తోడు వైపు తిరిగింది. “ఓడడం ఏ పాఠంలో వస్తుంది?”

“ఆ పాఠము మీ వయస్సునకు తగినది కాదు,” అంది తోడు.

3

ఈ రోజు నాతోపాటు ముగ్గురు పిల్లలు, మూడు బిందెలు.

నీహార ఎదురింటి పద్దును తీసుకొచ్చింది. ప్రద్యుమ్న అని పెట్టారు, పద్దు అని పిలుస్తారు. సన్నగా, పొడుగ్గా, నుదుట ఎప్పుడూ ఒక ముడుత. వాడి వెనకే వాడి తమ్ముడు ఓంకార్, నాలుగేళ్ళవాడు, బుగ్గలే మనిషి.

తిరిగే వలయంలో విసిరిన వస్తువు ఏ దారిన పోతుందో పద్దు నాకు వివరించాడు. సమీకరణం సహా చెప్పాడు. నేను నా రెండో పట్టాలో చదివిన సమీకరణమే, ఒక్క గుర్తు కూడా తప్పు పోలేదు. సంతోషించి బిళ్ళ వాడి చేతికిచ్చాను. విసిరాడు. అది నా తోటకూర తొట్టిలో పడింది.

“సమీకరణం కరెక్టే కదా మామ్మగారూ!” వాడి గొంతులో ఫిర్యాదు.

“కరెక్టే నాయనా. నీ చెయ్యి ఇంకా చదవలేదు దాన్ని.”

రెండోసారి విసిరినప్పుడు బిళ్ళ నేలను తాకకముందే వాడి తోడు చేయి చాచి పట్టేసింది. “కఠినమైన వస్తువు ఎగురుచున్నది,” అంది. నీహార ఒక కాలు ఎత్తగానే దాని తోడు నడుం పట్టుకుని గాలిలోకి లేపింది. పిల్ల దండెం మీద ఆరేసిన గౌనులా వేలాడుతూ, “మామ్మగారూ, నేను గీత తొక్కలేదు చూడండి!” అని గర్వపడింది.

నిజమే, తొక్కలేదు. నేలనే తొక్కలేదు.

అంతకంటే నన్ను ఆలోచనలో పడేసింది మరొకటి. ఇద్దరిలో ముందు ఎవరు ఆడాలన్న ప్రశ్న వచ్చింది. ఇద్దరూ నోరు మూసుకుని తమ తోడుల వైపు చూస్తూ నిలబడిపోయారు. తోడులు రెండూ ఒకదాన్నొకటి సంప్రదించుకుంటున్నాయి. నేను లోపలికి వెళ్ళి చారు పోపు పెట్టుకుని వచ్చేసరికి కూడా అలాగే ఉన్నారు. నోరారా అరుచుకోవలసిన వయసులో కార్యాలయం ముందు అర్జీదారుల్లా ఆ నిరీక్షణ ఏమిటి?

“చేతులు ఇలా పెట్టండి. పంటలు వేద్దాం,” అన్నాను.

అరచేయి మీద అరచేయి ఆనించి ఒక్కసారి గాల్లోకి ఎత్తి, తిప్పాలి. అందరికంటే వేరుగా తిప్పినవాళ్ళు పంట. నేర్చుకోవడానికి క్షణం పట్టింది. తరువాత పంటలు వేయడమే ఆటైపోయింది. బిళ్ళ ఊసే ఎత్తలేదు. రాత్రి దీపాలు వేసేదాకా అరచేతులు తిప్పుతూ, ఎందుకో తెలియకుండానే విరగబడి నవ్వారు.

4

తూలుడు: ఒకటి. గోడ దగ్గరే ఉంది. పట్టుకోలేదు. ఈ సంగతి అధికారులు గమనించాలి.

ఓంకార్ తానూ ఆడతానన్నాడు. వాడు రెండు కాళ్ళ మీదే సరిగా నిలబడడు. వాడి తోడు, “ఈ క్రీడకు అర్హత లేదు,” అని తేల్చేసింది. వాడి బుగ్గలు వణికాయి.

“ఎందుకు లేదు? వీడు ఆటలో అరటిపండు,” అన్నాను.

“అంటే?” ముగ్గురూ ఒకేసారి.

చెప్పాను. బాగా చిన్నవాళ్ళు వచ్చి మేమూ ఆడతామంటే వెళ్ళగొట్టరు. చేర్చుకుంటారు. వాళ్ళు విసరచ్చు, గెంతచ్చు, పడచ్చు, గీతలన్నీ తొక్కచ్చు, అందరితోపాటు వంతు కోసం గీత అవతల నిలబడచ్చు. కానీ వాళ్ళు అవుట్ కారు, గెలవరు. వాళ్ళేం చేసినా లెక్కలోకి రాదు.

“అరటిపండే ఎందుకు?” అంది నీహార.

“నాకూ తెలియదు. మా అమ్మకూ తెలియదు.”

ఈ వలయంలో అరటి పండదు. బొమ్మలో చూశారంతే. ఓంకార్ బాగా ఆలోచించి, “నన్ను ఒలుస్తారా?” అని అడిగాడు. ఒలవమని హామీ ఇచ్చాక వచ్చి, రెండు కాళ్ళతో గడులన్నీ కలిపి ఒక్క గెంతు గెంతి, “నేను అరటిపండు!” అని వీధి అంతా చాటింపు వేసుకుంటూ పోయాడు.

5

ఈ రోజు జరిగినది పతనమో కాదో నిర్ణయించుకోలేకపోతున్నాను.

నా వంతు వచ్చింది. మూడో గడి దాకా బాగానే కుంటాను. నాలుగో దానిలో నడుము పట్టేసింది. రెండో కాలు కింద పెట్టేశాను. పిల్లలిద్దరూ దూరంగా పోయి గుసగుసలాడుకున్నారు. నీహార చాలా మర్యాదగా దగ్గరకు వచ్చి, చేతులు కట్టుకుని అంది:

“మామ్మగారూ, మీరు కూడా అరటిపండుగా ఉండండి. ఏం పరవాలేదు.”

నేనా? అరటిపండునా? ఈ వీధి దూలాలు, ఈ పైకప్పు, మీరంతా నిలబడిన ఈ నేల... ఉపన్యాసం చాలా పొడుగ్గా సాగింది. ముగించాక పద్దు నుదుటి ముడుతను మరింత బిగించి అడిగాడు:

“అయితే మీరు లెక్కలో ఉన్నట్టేనా?”

“ముమ్మాటికీ!”

“అయితే అవుట్. కాలు కింద పెట్టావు మామ్మా. చూశాను.”

వాడు తోడును అడగలేదు. అడగకుండా, తన కళ్ళతో తాను చూసి, తన నోటితో తాను చెప్పాడు. చెప్పాక వాడికే భయం వేసి తోడు వైపు చూశాడు. పైగా నన్ను ‘నువ్వు’ అన్నాడు. ఆ సంగతి వాడూ గమనించలేదు, నీహారా గమనించలేదు.

“అవుటే. తరవాత ఎవరు?” అన్నాను.

ఒకరు నన్ను ఓడించి చాలా కాలమైంది. అందరూ చేయి అందించేవారే తప్ప, అవుట్ అని చెప్పిన వారు లేరు. ఇంటికొచ్చి అన్నంలో గోంగూర కలుపుకుంటూ చూసుకుంటే, నా ముఖం ఇంకా నవ్వుతూనే ఉంది.

6

పద్దు ఒక్కడే వచ్చాడు. ఒక్కడే అంటే వాడూ వాడి తోడూ. తోడు మా గుమ్మం బయట ఆగింది. వాడు వంటింట్లో నేల మీద కూర్చుని, నేను కాడలు తుంచుతుంటే ఆకులు గిన్నెలో వేయసాగాడు.

“మామ్మా, నా తోడు మంచిదే. పాటలు పాడుతుంది. నువ్వు తీసుకో, నాకేం బాధ లేదు.”

“నాకొద్దు. నీకు బాధ లేదా నిజంగా?”

కాసేపు ఆకులు వేశాడు. మెల్లగా చెప్పుకొచ్చాడు. పోయిన ఏడు పక్క వీధిలో ఒకమ్మాయికి పదేళ్ళు నిండితే తోడు తీసుకుపోయారు. ఆ పిల్ల గుమ్మం దాటి బయటకు రావడానికి చాలా రోజులు పట్టింది. ఏ కాలు ముందు వేయాలో చెప్పేవాళ్ళు లేరని గుమ్మంలోనే నిలబడిపోయేది.

“నేనూ అంతే నిలబడిపోతానేమో. ఎవరైనా కొడితే? పడితే? ఎటు వెళ్ళాలో తెలియకపోతే?”

వాడి సమీకరణాలన్నీ వాడికి వచ్చు. గుమ్మం దాటడం రాదు. అది ఏ పాఠంలోనూ లేదు. పడి లేచినవాడికే వస్తుంది. వీడిని ఇంతవరకు ఎవరూ పడనివ్వలేదు.

ఆ మాట వాడితో అనలేదు. సుద్దముక్క చేతిలో పెట్టాను. “గడులు చెరిగిపోయాయి. వెళ్ళి గీయి. ఎలా గీయాలో నన్ను అడగకు.”

“తోడును?”

“దాన్నీ అడగకు.”

చాలాసేపు తరువాత చూస్తే గడులు వంకరగా, ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉన్నాయి. నా వృత్తి జీవితంలో ఇంత అధ్వాన్నమైన గీతలు చూడలేదు. మార్చమనలేదు.

7

ఈ రోజు పతనం నాది కాదు. అయినా రాయక తప్పదు.

తోడులు ఆటను బతకనివ్వడం లేదని నీహార విసుక్కుంది. గెంతితే ఎత్తేస్తున్నాయి, విసిరితే పట్టేస్తున్నాయి. పద్దు గడుల చుట్టూ తిరుగుతూ ఆలోచిస్తున్నాడు. హఠాత్తుగా ఆగాడు.

“వీటిని ఆటలో చేర్చుకుంటే?”

“అవి గెంతలేవుగా!”

“గెంతక్కర్లేదే. అరటిపండ్లు!”

నీహార జడలు ఎగిరాయి. తోడులకు ఒక ధర్మం ఉంది: తాము చేరిన ఏ కార్యక్రమం నియమాలనైనా, దాన్ని మొదలుపెట్టినవారు ముగిసిందని చెప్పేవరకు తప్పకుండా పాటిస్తాయి. పద్దు వాటిని వరుసగా నిలబెట్టి, గొంతు సవరించుకుని నియమాలు చదివాడు. ఆటలో ఉన్నవాళ్ళు తమ వంతు వచ్చేదాకా గీత అవతల నిలబడాలి. వంతు లేనివాళ్ళు సలహాలివ్వకూడదు, ముట్టుకోకూడదు. అరటిపండ్ల తీర్పు చెల్లదు.

“అరటిపండు అను పాత్ర నమోదైనది,” అన్నాయి మూడూ ముక్తకంఠంతో. గీత అవతలికి పోయి నిలబడ్డాయి.

ఆపైన చూడాలి ఆ వీధిని! మొదటిసారి ఎవరూ పట్టుకోకుండా నీహార కుంటింది. నాలుగో గడిలో, నాకు నడుము పట్టేసిన చోటే, దభేలున పడింది. మోకాలు చెక్కుకుపోయింది. రక్తం వచ్చింది.

గీత అవతల నుంచి దాని తోడు, “నా వంతు వచ్చినదా?” అంది.

“రాలేదు!” అంది నీహార, ఏడవబోతూ. ఏడుపు మధ్యలో ఆగి మోకాలిని ఆసక్తిగా చూసుకుంది. వేలితో తాకింది. “నాలోంచేనా ఇది?” ఆ వెంటనే అసలు సంగతి గుర్తొచ్చింది. “తూచ్! ఇది లెక్కలోకి రాదు. బిళ్ళ జారింది.”

“తూచ్ లేదు! పడ్డావు, అవుట్.”

“నువ్వు తొండి!”

“నువ్వే తొండి!”

“నీతో కటీఫ్ పో!”

జడలు విసురుకుంటూ వెళ్ళిపోయింది. పద్దు కోపంగా నా వైపు తిరిగాడు, తీర్పు చెప్పమన్నట్టు. నేను తోటకూరకు నీళ్ళు పెట్టాల్సిన పని గుర్తుచేసుకుని లోపలికి వెళ్ళిపోయాను. కిటికీ సందులోంచి చూశానని ఒప్పుకుంటాను. వాడు చాలాసేపు గడుల్లో ఒక్కడే తిరిగాడు. బిళ్ళను తీసి తుడిచాడు. నీహార గుమ్మం దగ్గరకు వెళ్ళి, తలుపు కొట్టకుండా, బిళ్ళను అక్కడ పెట్టి వచ్చేశాడు. కాసేపటికి తలుపు సందులోంచి ఒక జడ బయటకు వచ్చింది.

“ఇంకోసారి పంటలు వేద్దాం. కానీ తూచ్ ఒక్కరికి ఒక్కసారి ఉండాలి.”

“ఒక్కసారే.”

“ఒక్కసారే.”

ఒక శాసనం తయారైంది. ఏ అధికారీ సంతకం పెట్టలేదు.

8

నీహార మోకాలి గురించి మురహరికి తెలిసింది. పొద్దున్నే వచ్చాడు, ముఖం ఎర్రగా.

“ఏంటండీ ఇది! పిల్లకి రక్తం వచ్చిందట. తోడు పక్కనే ఉండి పట్టుకోలేదట. మామ్మగారూ, మీరు పెద్దవారు, చదువుకున్నవారు...”

“అందుకే పట్టుకోనివ్వలేదు.”

“పరీక్ష వచ్చే వారం కాదండి. ఇప్పుడే. ఇక్కడే.” అప్పటికే పిల్లలు ముగ్గురూ తోడులతో సహా వీధిలో చేరారు. పద్దు తోడును ముందుకు రమ్మన్నాడు; అది గీత దాకా వచ్చి ఆగింది. అదే నాకు రాబోయేది కనుక కొలతలు అదే తీయాలట. వీధిలోని పిల్లల గీతల మీదే పరీక్ష పెడతానన్నాడు. ఆ వంకర గడులు చూసి నాకు కాస్త బెరుకు కలిగింది. చూపించలేదు.

చీర కుచ్చెళ్ళు ఎగదోపాను. ఒంటికాలి మీద నిలబడ్డాను. నెగ్గాను. ఆ కాలి మీదే వంగి బిళ్ళ తీశాను. నెగ్గాను. వలయం కట్టిన నాటి నా మోకాళ్ళకు మనసులో నమస్కారం చేసుకున్నాను. మిగిలింది కళ్ళు మూసుకుని నడవడం. ఇది నెగ్గితే నా పొయ్యి నాది, నా తలుపు నాది.

కళ్ళు మూసుకున్నాను. మొదటి అడుగు వేశాను. గీత తొక్కానా లేదా అని అడిగే ఆట అలవాటుగా నోరు అడిగేసింది: “రైటా?”

“రైట్!” అన్నారు పిల్లలు. ఓంకార్ గొంతు అందరికంటే పైన.

“రైటా?”

“రైట్!”

“రైటా?”

చివరి గడిలో కాలు పెట్టాను. మడమ కింద సుద్ద గరుకుగా తగిలింది. ఆ స్పర్శ ఏమిటో నాకు తెలుసు. ఈసారి ‘రైట్’ వినబడలేదు. కళ్ళు తెరిచాను.

మురహరి నా పాదం వైపు వంగి చూస్తున్నాడు. “గీత మీద పడిందా? పడలేదా? తోడూ, కొలత చెప్పు.”

“నా వంతు ఇంకను రాలేదు,” అంది తోడు, గీత అవతల నుంచి. “పైగా అరటిపండు తీర్పు చెల్లదు.”

మురహరి నా పాదం చూశాడు, గీత చూశాడు, మళ్ళీ పాదం చూశాడు. ఆయన నుదుట చెమట. వలయంలో తోడు చేతుల్లో పెరిగిన మొదటి తరం పిల్లల్లో ఈయన ఒకడు. కొలత ఎవరూ చెప్పకపోతే చూసి తేల్చుకోవడం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు. అధికారి అంగీ కింద, ఇదే వీధిలో తీర్పు కోసం బిందె వైపు చూస్తూ నిలబడిన పిల్లవాడే ఉన్నాడు.

“పడనట్టే ఉందండి... అనుకుంటా...” అని గొణిగాడు.

నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు పద్దు తెరిచాడు. వాడి కళ్ళలో నీళ్ళు. నేను నెగ్గాలని ఆ వీధిలో వాడికంటే ఎక్కువ కోరుకున్నవాళ్ళు లేరు.

“అవుట్ మామ్మా. మడమ పడింది.”

“పడింది,” అన్నాను. “నా కాలికి తెలిసింది. అవుటే.”

మురహరి ఊపిరి పీల్చుకున్నాడు, ఎవరో తేల్చినందుకు. నా ఊపిరి మాత్రం అలాగే ఆగింది. ఇక నా వంటింట్లో బిందె తిరుగుతుంది. నిర్ణయం న్యాయమైనదే. న్యాయమైనంత మాత్రాన తేలిగ్గా ఉండదు.

పద్దు ముక్కు తుడుచుకుని నీహారను పక్కకు లాగాడు. అరుచుకున్నారు. చేతులు తిప్పుకున్నారు. నేలమీద ఏదో గీసి చెరిపారు. చివరికి వాడు వచ్చి సుద్ద అడిగాడు.

“ఆట ఇంకా అయిపోలేదు కదా మామ్మా?”

“మీరు అయిపోయిందనేదాకా కాదు.”

“అయితే హద్దు మారుస్తున్నాం. నీహార ఒప్పుకుంది.” చివరి గడి నుంచి ఒక వంకర గీత లాగుతూ వీధి దాటాడు, నా గుమ్మం దాటాడు, పొయ్యి, పీట, పచ్చడి అర అన్నీ చుట్టేసి వీధి తలుపు దగ్గర ముగించాడు. “ఇదంతా ఆటస్థలం. వంతు రానివాళ్ళు గీత అవతల నిలబడాలి. అర్థమైందా?” అన్నాడు తన తోడుతో.

“నమోదైనది,” అంది అది.

మురహరి బుర్ర గోక్కున్నాడు. “మామ్మగారికి తోడు ఉండాలని నిబంధనండి...”

“ఉంటుంది కదయ్యా. ఎక్కడ నిలబడాలో నీ నిబంధనలో ఉందా?”

నిబంధన తీసి చదివాడు. మళ్ళీ చదివాడు. లేదు. మడిచి జేబులో పెట్టుకుని, వెళ్ళబోతూ ఆగి, పిల్లలకు వినబడకుండా అడిగాడు:

“ఆ బిళ్ళ... ఒక్కసారి ఇస్తారాండి?”

విసిరాడు. తోటకూర తొట్టిలో పడింది.

“ఆయన అరటిపండు,” అని తీర్మానించింది నీహార.

9

పద్దు పదో పుట్టినరోజు. వాడి తోడు ఉదయాన్నే తుడుచుకుని వచ్చి నా గుమ్మం బయట, గీత అవతల నిలబడింది. నేను పొయ్యి వెలిగించాను. పీట ఎక్కి పచ్చడి సీసా దించాను.

“నా వంతు వచ్చినదా?”

“ఇంకా రాలేదమ్మా.”

ఎదురింటి తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో పద్దు. కొత్త చొక్కా. వెనక ఎవరూ లేరు, పక్కన ఎవరూ లేరు. ఒక కాలు ఎత్తాడు, దించాడు. రెండోది ఎత్తాడు, దించాడు. వెళ్ళి చేయి పట్టుకుని తీసుకురావాలనిపించింది. నన్ను ఎవరైనా అలా పట్టుకుంటే నాకెలా ఉంటుందో గుర్తొచ్చి ఆగాను. బిళ్ళ తీసి విసిరాను. వలయపు వంపును చేతితోనే లెక్కగట్టి విసిరాను. వంగుతూ పోయి సరిగ్గా వాడి కాళ్ళ ముందు పడింది.

“నీ వంతు!”

వాడు బిళ్ళను చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఒంటికాలు ఎత్తాడు. గుమ్మం బయటకు ఒక్క గెంతు.

“రైటా?” గొంతు కీచుమంది.

నీహార, ఓంకార్, నేను కలిసి చెప్పాం: “రైట్!”

మరో గెంతు. మధ్యలో తూలాడు, పడ్డాడు. లేచి, కళ్ళు తెరవకుండానే దులుపుకున్నాడు. “తూచ్ వాడేస్తున్నా!” అని అరిచి మళ్ళీ ఒంటికాలు ఎత్తాడు. అలా వీధి మొత్తం దాటి, నా గడపకు తన్నుకుని, నా వంటింట్లో పడి, “పాయసం ఉందా?” అన్నాడు.

మురహరి కోరిన వివరాలు. ఈ రోజు పతనాలు: పద్దు రెండు, నీహార ఒకటి, నేను ఒకటి (తూచ్ అన్నాను, నిన్ననే వాడేశానని పిల్లలు ఒప్పుకోలేదు). సాయంత్రం జాలిపడి తోడుకు వంతు ఇచ్చాం. మూడు చక్రాల మీద ఒంటికాలితో కుంటే ప్రయత్నంలో రెండో గడిలోనే బోర్లా పడింది. దాన్ని పతనాల కింద చూపలేదు. అరటిపండు పడితే లెక్కలోకి రాదు.